పల్లె బడిలో పదిహేను సీట్లు

ఇంగ్లండులో ఏటా ఏప్రిల్ 16న నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లకు స్థానిక కౌన్సిల్ నుంచి కబురు వస్తుంది. సెప్టెంబరులో పిల్ల ఏ బడిలో చేరాలో అందులో ఉంటుంది. తమకు నచ్చిన బడుల పేర్లు వరసగా రాసి జనవరి 15 లోపే తల్లిదండ్రులు పంపి ఉంటారు. పట్టణంలో ఒక బడి కాకపోతే ఇంకో బడి దొరుకుతుంది. పల్లెలో ఉండేది ఒక్కటే, చాలాచోట్ల అది చర్చి బడే. అక్కడ మొదటి తరగతి కంటే ముందుండే రిసెప్షన్ తరగతిలో 15 సీట్లుంటే, 19 దరఖాస్తులు వస్తే, ఏ నలుగురికి లేదనాలి? బడి గోడ పక్కన ఉండే పిల్లకా, ప్రతి ఆదివారం తల్లిదండ్రులతో చర్చికి వచ్చే పొరుగూరి పిల్లకా? ఆ దేశంలో ఈ తగువు పాతికేళ్లకు పైగా కోర్టుల్లో, పార్లమెంటులో, చర్చి పెద్దల సమావేశాల్లో నలుగుతూనే ఉంది.

ముందుగా చెప్పాల్సిన నియమం ఒకటుంది. సీట్ల కంటే దరఖాస్తులు తక్కువ వస్తే చర్చి బడి అయినా సరే, అడిగిన పిల్లలందరినీ చేర్చుకోవాలి. మతం పేరు చెప్పి ఖాళీ సీటు ఆపే హక్కు ఏ బడికీ లేదు. ఆ ఇంటివాళ్లు హిందువులైనా, ముస్లింలైనా, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లైనా అంతే. ఎంపిక మొదలయ్యేది సీట్లు చాలనప్పుడే.

అసలు పల్లె బడి చర్చి చేతిలోకి ఎలా వచ్చింది? ఇంగ్లండులో ప్రభుత్వం కంటే ముందు బడులు పెట్టింది చర్చి. పేదపిల్లలకు చదువు చెప్పడానికని 1811లో చర్చి ఆఫ్ ఇంగ్లండు పెద్దలు నేషనల్ సొసైటీని స్థాపించారు. ప్రభుత్వం బడుల కోసం మొదటిసారి డబ్బిచ్చింది 1833లో, అదీ 20,000 పౌండ్లు. 1841లో వచ్చిన బడి స్థలాల చట్టం భూస్వాములు తమ భూమిలో చిన్న ముక్కను పేదల చదువుకు రాసివ్వడాన్ని సులువు చేసింది. బడి మూతపడితే ఆ నేల దాత వారసులకు తిరిగి వెళ్లేలా కూడా అందులో ఏర్పాటుంది. చర్చి పక్కనే రాతి గోడలు, వాలు కప్పు ఉన్న బడి ఈనాటికీ ఎన్నో ఊళ్లలో కనిపించడానికి కారణం ఇదే. సర్కారు బడులు 1870 చట్టంతో గానీ రాలేదు, వచ్చినా చర్చి బడి లేని చోట్లనే ఎక్కువగా వచ్చాయి. చర్చి బడి ఉన్న పల్లెకు రెండోది అవసరం పడలేదు.

1944లో విద్యామంత్రి ఆర్.ఎ. బట్లర్ తెచ్చిన చట్టం చర్చి బడులను రెండు దారుల్లో ఒకటి ఎంచుకోమంది. మొదటిది వాలంటరీ ఎయిడెడ్: భవనాల ఖర్చులో చర్చి వంతు భరించాలి, ప్రతిగా బడి పాలకవర్గంలో చర్చి మనుషులకే మెజారిటీ ఉంటుంది, పిల్లల్ని ఎంచుకునే అధికారం ఆ పాలకవర్గానిదే. రెండోది వాలంటరీ కంట్రోల్డ్: ఖర్చంతా ప్రభుత్వానిది, పిల్లల ఎంపిక కౌన్సిల్ చేతిలో. మొదటి దారిలో చర్చి వంతు అప్పట్లో సగం. తర్వాత తగ్గుతూ తగ్గుతూ నేడు పదో వంతుకు దిగింది. టీచర్ల జీతాలు, కరెంటు, పుస్తకాలు రెండు రకాల బడుల్లోనూ ప్రజల పన్నులతోనే నడుస్తాయి. 2010 తర్వాత ఎన్నో బడులు కౌన్సిల్ అదుపులో లేని అకాడమీలుగా మారాయి, వాటిలో అడ్మిషన్ నిర్ణయం ఆ అకాడమీ ట్రస్టుది. ఇంగ్లండులో ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో దాదాపు మూడో వంతు ఏదో ఒక మతానికి చెందినవే. ఒక్క చర్చి ఆఫ్ ఇంగ్లండు కిందే 4,600కు పైగా బడులు, వాటిలో సుమారు పది లక్షల మంది పిల్లలు ఉన్నారు.

కాబట్టి ఒకే రకం బోర్డు తగిలించుకున్న రెండు పల్లె బడుల్లో ఎంపిక తీరు వేరుగా ఉండొచ్చు. ఒకదాంట్లో కౌన్సిల్ నియమాలు, ఇంకోదాంట్లో చర్చి నియమాలు. కొత్తగా ఆ ఊరికి కాపురం వచ్చిన తల్లిదండ్రులు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

పదిహేను అనే అంకె వెనక కూడా ఒక లెక్క ఉంది. 1998 చట్టం ప్రకారం రిసెప్షన్, ఒకటి, రెండు తరగతుల్లో ఒక టీచరు దగ్గర 30 మందికి మించి పిల్లలు ఉండకూడదు. పల్లె బడికి వయసుకో గది, వయసుకో టీచరు పెట్టుకునే స్తోమత ఉండదు. ఏడాదికి 10 మందిని తీసుకుంటే మూడేళ్ల పిల్లల్నీ కలిపి 30 మందితో ఒకే గది నడుస్తుంది. 15 మందైతే రెండేళ్ల పిల్లలు ఒక గదిలో కూర్చుంటారు. 20 మందైతే మూడేళ్లకు 60 మంది, రెండు గదులకు సరిగ్గా సరిపోతారు. ఒక్క పిల్ల ఎక్కువైతే ఇంకో టీచరు కావాలి, ఆ జీతం బడి దగ్గర ఉండదు. అందుకే సీటు రాని తల్లిదండ్రులు స్వతంత్ర ప్యానెల్‌కు అప్పీలు చేసుకున్నా చిన్న తరగతుల విషయంలో గెలిచేది చాలా అరుదు. నియమాలు చట్టానికి విరుద్ధమనో, బడి తన నియమాన్ని తానే తప్పుగా అమలు చేసిందనో, బుద్ధి ఉన్నవాళ్లెవరూ అలాంటి నిర్ణయం తీసుకోరనో చూపించగలగాలి. కవలల్లో ఒకరికి ఆఖరి సీటు వస్తే మాత్రం రెండో బిడ్డను 31వ పిల్లగా చేర్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఇక వరస సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లకు కౌన్సిల్ ఇచ్చిన విద్యా, ఆరోగ్య ప్రణాళికలో ఈ బడి పేరు రాసి ఉంటే ఆ పిల్లను ముందే చేర్చుకోవాలి, పోటీ లేదు. మిగిలినవాళ్లలో మొదటి చోటు కన్నవాళ్లకు దూరమై కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలకు, ఒకప్పుడు అలా ఉండి దత్తతకు వెళ్లిన పిల్లలకు. 2021లో సవరించిన అడ్మిషన్ల కోడ్ విదేశాల్లో అలాంటి సంరక్షణలో ఉండి వచ్చిన పిల్లల్ని కూడా ఈ వరసలో చేర్చింది. ఇక్కడొక మెలిక ఉంది. మత బడి కావాలనుకుంటే ఈ పిల్లల్లో తన మతం వాళ్లను ముందుపెట్టి, మిగతావాళ్లను తన మతంలోని మామూలు పిల్లల వెనక నిలబెట్టొచ్చు. చట్టం ఒప్పుకున్నా ఏ చర్చి బడీ ఈ వెసులుబాటును వాడుకోకూడదు. ఇల్లు లేని బిడ్డను నీది ఏ చర్చి అని అడగడం చర్చి నేర్పే దేనితోనూ పొసగదు.

ఆ తర్వాత చాలా బడుల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అదే బడిలో ఉన్నవాళ్లు, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) హద్దుల్లో కాపురం ఉండేవాళ్లు, చర్చికి వచ్చేవాళ్లు, చివరికి దూరాన్నిబట్టి మిగిలినవాళ్లు. తల్లిదండ్రులు తమ జాబితాలో ఈ బడిని మొదట రాశారా మూడోది రాశారా అన్నది చూడకూడదు. బిడ్డనుగానీ తల్లిదండ్రులనుగానీ ఇంటర్వ్యూ చేయకూడదు. ఫొటో అడగకూడదు. ఎంపిక అంశాలు చాలాచోట్ల ఇవే, తేడా వరసలో ఉంది. పారిష్ పిల్లలు ముందా, చర్చికి వచ్చేవాళ్లు ముందా? ఒక్క గీత పైకో కిందకో జరిగితే బడి స్వభావమే మారిపోతుంది.

చర్చికి వస్తున్నారని రుజువు చేసేది ఒక అదనపు ఫారం. నెలకు ఒకసారో రెండుసార్లో, ఏడాదో రెండేళ్లో ఆరాధనకు వచ్చారని ఆ పారిష్ పాస్టరు సంతకం పెట్టాలి. ఎన్నిసార్లు, ఎంతకాలం అన్నది బడి నియమావళిలో తల్లిదండ్రులకు తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలని కోడ్ చెబుతుంది. ఈ సంతకం పాస్టరును ఇబ్బందికరమైన చోట నిలబెట్టింది. ఎవరు భక్తితో వచ్చారో, ఎవరు సీటు కోసం వచ్చారో తేల్చే పని ఆయనది కాదు. అయినా ఆయన కలం మీదే ఒక పిల్ల బడి ఆధారపడుతుంది. కోవిడ్ రోజుల్లో చర్చిలు మూతపడ్డప్పుడు రెండేళ్ల హాజరు ఎలా లెక్కపెట్టాలన్న ప్రశ్న దేశమంతా వచ్చింది. చర్చి తెరిచి ఉన్న కాలానికే హాజరు నియమం వర్తిస్తుందని బడులు తమ నియమావళుల్లో ఒక వాక్యం చేర్చుకున్నాయి.

సీటు కోసం చర్చికి వెళ్లేవాళ్లు నిజంగా ఉన్నారా? సటన్ ట్రస్టు 2013లో చేయించిన సర్వేలో, ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో పిల్లలున్న తల్లిదండ్రుల్లో 6 శాతం మంది, అంతకుముందు వెళ్లని చర్చికి బడి సీటు కోసమే వెళ్లామని ఒప్పుకున్నారు. పైస్థాయి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో అది 10 శాతం. వాళ్లను నిందించి లాభం లేదు. బిడ్డకు మంచి బడి కావాలని ఎవరైనా కోరుకుంటారు. తప్పు నియమంలో ఉంది. ఆదివారం ఉదయం షిఫ్టులో ఉన్న నర్సుకు, వారాంతంలో దుకాణంలో నిలబడే ఒంటరి తల్లికి, మూడు నెలల క్రితమే ఊళ్లోకి వచ్చిన కుటుంబానికి రెండేళ్ల హాజరు చూపించే అవకాశమే లేదు. రెండేళ్ల ముందు నుంచే లెక్క వేసుకుని మసలుకోగలిగినవాళ్లకు ఉంది.

డబ్బు, సేవ విషయంలో కోడ్ గట్టిగానే ఉంది. బడికిగానీ చర్చికిగానీ తల్లిదండ్రులు ఇచ్చే విరాళాన్నీ చేసే పనినీ చూసి సీటు ఇవ్వకూడదు. అయినా చర్చిలో పూలు అలంకరించడం, కోయిర్‌లో పాడటం లాంటి సేవలను లెక్కలోకి తీసుకున్న ఉదాహరణ లండన్ ఒరేటరీ అనే కాథలిక్ హైస్కూలు. 2014లో, అడ్మిషన్ నియమాల మీద అభ్యంతరాలను విచారించే బడుల అడ్జుడికేటర్ దాన్ని తప్పుపట్టారు, వ్యవహారం హైకోర్టుకెక్కింది. అది పల్లె బడి కాకపోయినా ఆ తగువు అన్ని చర్చి బడుల నియమావళులనూ మళ్లీ చదివించింది. 2015లో ఫెయిర్ అడ్మిషన్స్ క్యాంపెయిన్, బ్రిటిష్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ కలిసి పలు మత బడుల మీద అడ్జుడికేటర్ ఇచ్చిన తీర్పులను పరిశీలించి, దాదాపు ప్రతి బడీ ఎక్కడో ఒకచోట కోడ్‌ను ఉల్లంఘించిందని తేల్చాయి. మరుసటి ఏడాది విద్యామంత్రి నికీ మోర్గన్ ఇలాంటి సంస్థలు అభ్యంతరం చెప్పకుండా ఆపాలని ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు, కాకపోవడమే మంచిదైంది.

మతాన్ని చూసి ఎంచుకోవచ్చని 2010 సమానత్వ చట్టం మత బడులకు మినహాయింపు ఇచ్చింది. జాతిని చూడటానికి ఇవ్వలేదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడో లండన్‌లోని జేఎఫ్ఎస్ అనే యూదు హైస్కూలు కేసులో 2009 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి యూదు మతంలోకి మారిన తీరు సనాతన యూదు గురువులకు సమ్మతం కాదని ఒక బాలుణ్ని చేర్చుకోలేదు. పుట్టుకను చూసి తేల్చడం జాతి వివక్షే అని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ఆ తీర్పు తర్వాత ఆ బడి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) హాజరును చూడాల్సి వచ్చింది. పుట్టుక కాదు, ఆచరణే కొలమానం అని కోర్టు చెప్పడంతో హాజరు రిజిస్టరుకు ఇంకా బలం వచ్చింది.

చర్చిలోపల నుంచే భిన్నమైన మాట వినిపించింది. 2011లో ఆక్స్‌ఫర్డ్ బిషప్ జాన్ ప్రిచర్డ్, అప్పుడు చర్చి విద్యామండలి అధ్యక్షుడు, చర్చికి వచ్చేవాళ్ల పిల్లలకు కేటాయించే సీట్లు పదో వంతుకు మించకుండా చూసుకోవాలన్నారు. ఫలితాలు కాస్త తగ్గినా ఫర్వాలేదు, చర్చి బడి అందరికీ సేవ చేయాలన్నది ఆయన వాదం. దీనికి చర్చిలోనే ఎదురుగాలి వీచింది. ప్రభుత్వం వైపు చూస్తే, దాని డబ్బుతో కౌన్సిల్ అదుపు లేకుండా కొత్తగా పెట్టే ఫ్రీ స్కూళ్లలో మతాన్ని చూసి సగం సీట్లకు మించి ఇవ్వకూడదన్న పరిమితి 2010 నుంచి ఉంది. దాన్ని ఎత్తేయాలని 2016లో థెరిసా మే ప్రభుత్వం, 2024లో రిషి సునాక్ ప్రభుత్వం ముందుకొచ్చాయి. పాత పల్లె బడులకు ఆ పరిమితి అసలు లేదు.

మత బడుల్లో ఫలితాలు బాగుంటాయన్న పేరు ఈ పోటీకంతటికీ మూలం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన స్టీఫెన్ గిబ్బన్స్, ఓల్మో సిల్వా ప్రాథమిక బడుల మీద చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. అక్కడ చదివే పిల్లల నేపథ్యాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే ఆ ఆధిక్యంలో మిగిలేది చాలా కొంచెమేనని వాళ్లు చూపించారు. ఎడ్యుకేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ 2016లో ఇదే దిక్కున మరో లెక్క ఇచ్చింది: ప్రాథమిక దశ చివర్లో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలు మత బడుల్లో 12.1 శాతం ఉంటే మిగతా బడుల్లో 18 శాతం. పేదపిల్లల చదువు కోసం పుట్టిన సంస్థ వారసత్వంలో పేదపిల్లలే తక్కువగా ఉండటం ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ బాధపెట్టే విషయం.

అయినా మతాన్ని చూడాలనే రెండో పక్షం వాదనను తేలిగ్గా తీసేయకూడదు. ఇంగ్లండులోని కాథలిక్ బడుల్లో ఎన్నో ఐర్లండు నుంచి వలస వచ్చిన కూలీల చందాలతో లేచినవి. వాళ్ల పారిష్ నాలుగైదు ఊళ్లకు పరచుకుని ఉంటుంది, మైళ్ల దూరంలో ఉన్న కాథలిక్ ఇంటికి వేరే కాథలిక్ బడి దొరకదు. అక్కడ మతాన్ని చూడటానికి ఒక కారణం ఉంది. పల్లెలోని ఆంగ్లికన్ బడి, అంటే చర్చి ఆఫ్ ఇంగ్లండు బడి, పరిస్థితి వేరు. అది ఒక మైనారిటీ కట్టుకున్న గూడు కాదు. ఊరి భూమి మీద, ఊరందరి కోసం వచ్చిన ఏకైక బడి. దాన్ని కాదంటే ఆ పిల్లకు పక్క ఊరే గతి. ఈ రెంటినీ ఒకే నియమంతో కొలవడం వల్లే చర్చ చిక్కుపడుతోంది. పల్లె ఆంగ్లికన్ బడి జాబితాలో ఆ పారిష్ పిల్లలు, ఏ మతం వాళ్లైనా, చర్చి హాజరు కంటే పైన ఉండాలి. చాలా బడులు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. చేయనివి చేయాలి.

ఐర్లండు ఇంకా కఠినమైన పాఠం నేర్చుకుంది. అక్కడ ప్రాథమిక బడుల్లో 90 శాతం దాకా కాథలిక్ చర్చి యాజమాన్యంలోవే, సీట్లు చాలకపోతే బాప్తిస్మం పొందిన పిల్లలకే ముందు చోటు ఉండేది. డబ్లిన్‌కు ఉత్తరాన బాల్‌బ్రిగన్ పట్టణంలో 2007 సెప్టెంబరు నాటికి ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఎంతోమందికి బడి దొరకలేదు. హడావిడిగా కొత్త బడి తెరిస్తే అందులో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే తేలారు. ఎవరూ జాతిని చూసి ఎంచలేదు, బాప్తిస్మం కాగితమే చూశారు. దేశం ఉలిక్కిపడింది. బిడ్డకు సీటు కోసం నమ్మకం లేకపోయినా బాప్తిస్మం చేయించిన ఇళ్ల గురించి ఆ తర్వాత ఏళ్లతరబడి మాట్లాడుకున్నారు. చివరికి విద్యామంత్రి రిచర్డ్ బ్రూటన్ హయాంలో 2018 చట్టం కాథలిక్ ప్రాథమిక బడుల్లో ఈ ప్రాధాన్యాన్ని తీసేసింది. చర్చి ఆఫ్ ఐర్లండు లాంటి చిన్న మతశాఖల బడులకు తమ పిల్లల్ని ముందు చేర్చుకునే వీలు అలాగే ఉంచింది. పెద్ద మతానికి ఒక నియమం, చిన్న మతానికి మరొకటి అన్న ఈ తేడాలో వివేకం ఉంది.

మతం పక్కన పెట్టి దూరాన్నే చూస్తే గొడవ ఉండదా? ఉంటుంది. చాలా కౌన్సిళ్లు ఇంటికీ బడికీ మధ్య కంప్యూటరులో గీసిన తిన్నని గీతను కొలుస్తాయి. మధ్యలో ఏరు ఉంటే, వంతెన రెండు మైళ్ల అవతల ఉంటే ఆ గీతకు పట్టదు. బడి దగ్గర ఇళ్ల ధరలు పెరుగుతాయి, దొంగ చిరునామాలు పుడతాయి. 2008లో పూల్ పట్టణ కౌన్సిల్ ఒక కుటుంబం నిజంగా బడి పరిధిలోనే ఉంటోందా అని దాదాపు మూడు వారాలు రహస్యంగా వెంటాడింది. నేరస్థుల మీద నిఘాకు ఉద్దేశించిన చట్టాన్ని అందుకు వాడుకుంది. ఆ కుటుంబం నిజమే చెప్పింది. నిఘా చట్టవిరుద్ధమని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది. ఆ ఇంటి పిల్లల మీద కూడా పడిన ఆ నీడ ఎంత అన్యాయమో చెప్పనక్కర్లేదు. పల్లెలో దూరం ఇంకో రకంగా కూడా కొడుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లకు రెండు మైళ్లు, ఆపై వయసుకు మూడు మైళ్లు దాటితే కౌన్సిల్ ఉచితంగా బండి పెట్టాలి, అది కూడా దగ్గరలోని తగిన బడికే. కోరి దూరపు బడికి పంపేవాళ్లు సొంతంగా తీసుకెళ్లాలి. కారు లేని ఇంటికి కాగితం మీద ఉన్న ఎంపిక హక్కు రోడ్డు మీద ఉండదు.

ఇదే చర్చి, ఇదే ప్రశ్న తెలుగు నేల మీద ఇంకో రూపంలో ఎదురైంది. చర్చి మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టినప్పుడు అగ్రకులాల పిల్లల్నే చేర్చుకున్నాడు. పైనుంచి మార్పు కిందికి దిగుతుందని ఆయన నమ్మకం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ మాదిగ పిల్లలకు తలుపు తెరిచాడు, బ్రాహ్మణ విద్యార్థులు బడి వదిలి వెళ్లిపోయారు. ఎవరి కోసం తలుపు తెరుస్తారన్న దాన్నిబట్టే ఆ రెండు మిషన్ల చరిత్రా నడిచింది. ఈనాడు ఉద్యోగాల మీద బ్రిటన్ వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఇదే విషయం ఇంకోలా తగులుతుంది. ఏడాది మధ్యలో ఊరు చేరేసరికి జనవరి గడువు దాటిపోయి ఉంటుంది. ఖాళీ ఉంటే సీటు ఇవ్వాల్సిందే. లేకపోతే వెయిటింగ్ లిస్టు. ఆ జాబితాలో ముందు చేరినవాళ్లు ముందు కాదు, కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ అదే నియమాల ప్రకారం వరస మళ్లీ వేయాలి. నిన్న చేరిన పిల్ల నేడు ముందుకు రావచ్చు. చర్చి బడిలో రోజూ జరిగే ప్రార్థన నుంచి తమ పిల్లను పక్కన పెట్టమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది, ఆ హక్కు వాడుకుంటామన్నారని సీటు నిరాకరించకూడదు.

పిల్లలే తగ్గిపోతున్న కాలంలో ఈ చర్చ ఇంకో మలుపు తిరిగింది. ఇంగ్లండులో జననాలు 2012 తర్వాత తగ్గుతూ వచ్చాయి, ప్రాథమిక బడులు ఖాళీ అవుతున్నాయి. నిధులు తలకు ఇంతని వస్తాయి కాబట్టి పదిహేను మంది రావాల్సిన చోట తొమ్మిది మంది వస్తే టీచరు ఉద్యోగం కదులుతుంది. పల్లె బడుల మూసివేతకు చట్టం గట్టి అడ్డంకులు పెట్టినా ఒత్తిడి తప్పదు. అలాంటి బడిలో జాబితా వరస కాగితానికే పరిమితం, ఎందుకంటే అడిగిన ప్రతి పిల్లకూ సీటుంది. ఎంపిక తగువు నిజంగా నడిచేది పట్టణాల అంచున ఉన్న, బాగా పేరుపడ్డ పల్లె బడుల్లో. పట్టణం నుంచి కార్లలో వచ్చే చర్చి కుటుంబాలు ఊరి పిల్లల్ని వెనక్కి నెట్టేది అక్కడే.

అలాంటి చోట ఊరివాళ్ల చేతిలో ఉన్న అధికారం చిన్నదేం కాదు. బడి తన నియమాలు మార్చాలంటే డయోసిస్‌ను (బిషప్ కింద ఉండే చర్చి పాలనా విభాగాన్ని) అడిగి, ఆపై అక్టోబరు 1కీ జనవరి 31కీ మధ్య ఆరు వారాలు బహిరంగంగా అభిప్రాయాలు తీసుకోవాలి. మార్చకపోయినా ఏడేళ్లకోసారి తీసుకోవాల్సిందే. ఫిబ్రవరి 28 లోపు నియమాలు ఖరారు చేయాలి, ఆపై ప్రకటించాలి. అవి అన్యాయమనిపిస్తే, పిల్లలు ఆ బడిలో ఉన్నా లేకపోయినా, మే 15 లోపు ఎవరైనా అడ్జుడికేటర్‌కు అభ్యంతరం పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, పేరు, చిరునామా చెబితే చాలు.